అల ఎత్తు సున్నా: అప్లికేషన్లు రాసేవారికి కొన్ని మెలకువలు



మొబైల్ ఫోనులకు, కంప్యూటర్లకు అప్లికేషన్లు రాయడం మీలో చాలామంది ఇప్పటికే మొదలుపెట్టి ఉంటారు. బటన్ నొక్కితే తెర మారడం, సర్వర్ నుంచి సమాచారం తెచ్చి చూపడం మీకు వచ్చే ఉంటుంది. ఈ పాఠంలో ఆ తర్వాతి మెట్టు గురించి తెలుసుకుందాం. తేవలసిన సమాచారం రాకపోతే, లేదా వచ్చినది పాతదైతే, మీ ప్రోగ్రాం వాడుకునేవారికి ఏమని చెబుతుంది? దీనికి మంచి ఉదాహరణ పుదుచ్చేరిలో ఉంది.

పుదుచ్చేరి అనగానే మన తెలుగువారికి ముందు గుర్తొచ్చేది గోదావరి ఒడ్డున ఉన్న యానాం. పరిపాలన రీత్యా అదీ పుదుచ్చేరిలో భాగమే. మనం చెప్పుకునేది మాత్రం పుదుచ్చేరి పట్టణం, దాని చుట్టుపక్కల పల్లెల సంగతి. 1998లో, అంటే ఆ ఊరి పేరు ఇంకా పాండిచ్చేరిగా ఉన్న రోజుల్లో, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అక్కడి గ్రామాలలో కంప్యూటర్లతో సమాచార కేంద్రాలు నెలకొల్పడం ప్రారంభించింది. పట్టణానికి పడమరనున్న విల్లియనూరు వీటికి కేంద్రస్థానం. సముద్రతీరంలోని వీరాంపట్టినం మత్స్యకారుల గ్రామం. బంగాళాఖాతంలో అలల ఎత్తు ఎంత ఉండవచ్చో అమెరికా నౌకాదళం వెబ్‌సైట్‌లో చూసి, తమిళంలోకి మార్చి, లౌడ్‌స్పీకర్లలో ఊరంతటికీ వినిపించేవారు. అది విని, వేటకు వెళ్లాలా వద్దా అని మత్స్యకారులు తేల్చుకునేవారు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, సమీపంలోని నల్లవాడు గ్రామంలో ఇదే తరహా లౌడ్‌స్పీకర్లు ఊరివారిని ఒడ్డు వదిలి పొమ్మని హెచ్చరించాయి. సింగపూర్‌లో ఉన్న ఆ ఊరి యువకుడొకరు ఫోన్ చేసి చెప్పిన వార్త ఆ విధంగా ఊరంతటికీ చేరింది.

తర్వాతి కాలంలో ఆ సంస్థే ఫిషర్ ఫ్రెండ్ అనే మొబైల్ అప్లికేషన్‌ను తెచ్చింది. అది తెలుగులో కూడా ఉంది. సముద్రస్థితి అంచనాలు ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే, 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థలో తయారవుతున్నాయి. మైకు, మనిషి చేసిన పని ఫోను చేతికి వచ్చిందన్న మాట. ఇక్కడే ప్రోగ్రామర్ జాగ్రత్తపడాలి. మైకు ముందున్న మనిషి సమాచారం అందని రోజున "ఇవాళ రాలేదు" అంటాడు. నిన్నటి కాగితం తీసి ఇవాళ్టిదని చదవడు. మీ ప్రోగ్రాం అలా అనాలంటే మీరు ప్రత్యేకంగా రాయాలి. రాయకపోతే ఏమవుతుందో చూడండి. జావాలో ఒక క్లాసులో అల ఎత్తు కోసం డబుల్ రకం ఫీల్డ్ పెట్టి, దానికి విలువ ఇవ్వకుండా వదిలేస్తే, అందులో ఉండేది సున్నా. సీ షార్ప్‌లోనూ అంతే. సమాచారం రాలేదు, తెరమీద మాత్రం "అల ఎత్తు 0 మీటర్లు" అని వస్తుంది. చదివిన మత్స్యకారుడికి దాని అర్థం ఒక్కటే: సముద్రం ప్రశాంతంగా ఉంది! ప్రోగ్రాం ఆగిపోయినా ఇంత ప్రమాదం లేదు.

కాబట్టి "లేదు" అనే స్థితిని సున్నాతో కలపకండి. జావాలో ఖాళీగా ఉండగల రకాన్ని, కోట్లిన్‌లో, సీ షార్ప్‌లో ప్రశ్నార్థకం చేర్చిన రకాన్ని వాడండి. చూపించే భాగం ఈ విధంగా ఉండాలి. మీకు వచ్చిన ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు.

అల_ఎత్తు లేకపోతే: "సమాచారం అందలేదు" చూపు
లేదా ఇప్పటి_సమయం < వెలువడిన_సమయం అయితే: "ఫోను గడియారం సరిచూడండి" చూపు
లేదా ఇప్పటి_సమయం > గడువు అయితే: "పాత సమాచారం, గడువు ముగిసింది" చూపు
కాకపోతే: అల_ఎత్తు, వెలువడిన_సమయం రెండూ చూపు

వెలువడిన సమయం అంటే అంచనాను తయారుచేసినవారు వేసిన సమయం. ఫోను దాన్ని దించుకున్న సమయం కాదు. ఉదయం ఆరింటికి దించుకున్నంత మాత్రాన రాత్రి తయారైన అంచనా తాజాది అయిపోదు. రెండో వరుస అనవసరం అనిపించవచ్చు. ఫోను తేదీ తప్పుగా ఉండడం మీరనుకున్నంత అరుదు కాదు.

సముద్రం మీద ఈ పరీక్షలు మరీ ముఖ్యం. ఒడ్డు నుంచి సుమారు 10-12 కిలోమీటర్లు దాటితే సాధారణంగా మొబైల్ సిగ్నల్ అందదు. 2019లో విడుదలైన జెమిని పరికరం గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా వచ్చే హెచ్చరికలను అందుకుని, బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతుంది. అది లేని పడవలో, ఒడ్డున దించుకున్న సమాచారమే దిక్కు. అందుకని నెట్‌వర్క్ ఉండడాన్ని మామూలు స్థితిగా, లేకపోవడాన్ని పొరపాటుగా భావించి రాయకండి. ముందు ఫోనులో దాచినది చూపండి, సిగ్నల్ దొరికితే కొత్తది తెచ్చి మార్చండి.

ఇక సమయం లెక్క. సర్వర్లు సాధారణంగా యూటీసీ సమయాన్ని ఇస్తాయి. మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. 14వ తేదీ యూటీసీ 19 గంటలకు వెలువడిన అంచనా మనకు 15వ తేదీ రాత్రి 12:30కి వచ్చినట్లు. తేదీని మాత్రమే పోల్చే ప్రోగ్రాం, 15న తెల్లవారుజామున మూడింటికి బయలుదేరే మనిషికి దీన్ని "నిన్నటిది" అని తీసిపారేస్తుంది. దాచేది యూటీసీలో దాచండి, చూపేటప్పుడు మాత్రమే మన సమయంలోకి మార్చండి. తేడాను గంటల్లో పూర్ణాంకంగా పెట్టుకున్నారంటే ఆ అరగంట ఎక్కడో పోతుంది.

స్థానం విషయంలో ఇంతకంటే పెద్ద చిక్కు ఉంది. పుదుచ్చేరి అక్షాంశం సుమారు 11 డిగ్రీల 56 నిమిషాలు. పడవల్లోని జీపీఎస్ పరికరాలు తరచుగా ఇలాగే చూపుతాయి. దీన్ని 11.56 అని రాస్తే తప్పు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక 56ను 60తో భాగించాలి, జవాబు 11.933. రెండింటికీ తేడా 0.373 డిగ్రీలు. ఒక అక్షాంశ డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. అంటే మీ పటంలో పడవ 41 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది! అదేవిధంగా, చాలా భాషల్లో సైన్, కొసైన్ ఫంక్షన్లకు డిగ్రీలు పనికిరావు, రేడియన్లు ఇవ్వాలి. సైన్ 30 అడిగితే 0.5 బదులు మైనస్ 0.988 వస్తుంది. దూరాలు లెక్కించే ముందు ఈ ఒక్క పరీక్ష చేసుకోండి.

తెలుగులో సందేశం చూపేవారికి మరొక మాట. "సముద్రం" అనే మాటలో మన కంటికి మూడు అక్షరాలే. కంప్యూటర్‌కు మాత్రం స, మ, ఉకారపు కొమ్ము, ద, పొల్లు, ర, సున్న అని ఏడు యూనికోడ్ సంకేతాలు. యూటీఎఫ్-8లో 21 బైట్లు. చోటు చాలక మొదటి ఐదింటి దగ్గర కత్తిరిస్తే "సముద్" అని మిగులుతుంది. సంకేతాలు లెక్కపెట్టి కోయకండి, పూర్తి అక్షరం హద్దు దగ్గర కోయండి. ఆండ్రాయిడ్‌లో, జావాలో బ్రేక్ ఇటరేటర్ అందుకే ఉంది. ఎస్ఎంఎస్ పంపేటప్పుడూ ఇదే లెక్క: ఇంగ్లీషు సందేశంలో 160 పడితే, తెలుగులో 70 సంకేతాలే పడతాయి. అందుచేత హెచ్చరికలో ముఖ్యమైన మాట ముందు రావాలి, నమస్కారాలు తర్వాత.

కంప్యూటర్ అప్లికేషన్లకు కరెంటు కోత శత్రువు. పాత ఫైలు మీదే కొత్త సమాచారం రాస్తుండగా కరెంటు పోతే రెండూ పోతాయి. ముందు వేరే పేరుతో పూర్తిగా రాసి, ఫైలు మూసి, ఆ తర్వాత పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టండి. నాలుగు వరుసల పని.

ఇంటి దగ్గర ఒక పని చేయండి. మీ అప్లికేషన్ తెరిచి ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి. తర్వాత తేదీని రెండు రోజులు ముందుకు జరపండి, ఆపైన రెండు రోజులు వెనక్కి. సర్వర్ నుంచి వచ్చే జవాబులో ఒక విలువను తీసేసి చూడండి. ప్రతిసారీ తెరమీద ఏం కనిపించిందో ఉన్నదున్నట్టుగా నోటుపుస్తకంలో రాసి, ప్రోగ్రామింగ్ రానివారితో చదివించి, వారికి ఏమి అర్థమైందో అడగండి.