ముఖం మసక చేస్తే చాలా?

ఫోటోషాప్ గురించి మీరడిగే ప్రశ్నల్లో మొదటిది: నివేదికలో బాధితురాలి ముఖం మసక చేస్తే చాలదా? చాలదు. పల్చటి మసకలో ఊరివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. నిండు నలుపు పులమండి. లేయర్లన్నీ కలిపేసి కొత్త జేపీజీగా సేవ్ చేయండి. లేయర్లున్న ఫైలు పంపితే ఎవరైనా ఆ నలుపు తీసేసి చూడగలరు.

ముఖం కనపడకపోతే ఇంకేం భయం అంటారు. చీర, పచ్చబొట్టు, ఇంటి గుమ్మం ఆమెను పట్టిస్తాయి. ఫోన్‌తో తీసిన ఫైల్లో ఆ చోటు వివరం కూడా ఉండొచ్చు. అత్యాచార బాధితురాలెవరో తెలిసేలా అచ్చువేస్తే, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్లదాకా జైలు. ఆమె రాతపూర్వక అనుమతి వంటి మినహాయింపులు కొన్నే.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ ఫోటో ఎవరికి కావాలి? ఆమెకా, మనకు నిధులిచ్చేవాళ్లకా? ఆమెకు అక్కరలేకపోతే వేయకండి.