సంతకం ఎవరిదో బాధ్యత వాళ్లదే

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన ఆఫీసులో పని నేర్చుకున్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు. అందుకే వృత్తిలో శిష్యరికం గురించి మాట్లాడదామనుకున్నాను. ఇంగ్లండ్‌లో బారిస్టర్లు దాన్ని ప్యూపిలేజ్ అంటారు.

1891 జూన్ 10న గాంధీ లండన్‌లో బారిస్టరయ్యారు. 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకుని, 12న ఓడెక్కేశారు. ఇన్నర్ టెంపుల్ విందులకు హాజరై పరీక్షలు గట్టెక్కితే ఆ రోజుల్లో పట్టా చేతికొచ్చేది. దాని ఫలితం బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తేలింది. మమీబాయి అనే ఆవిడ తరఫున సాక్షిని క్రాస్ చేయడానికి లేచి, ఒక్క ప్రశ్న కూడా తోచక కూర్చుండిపోయారు. 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేసి, వేరే వకీలును పెట్టుకోమన్నారు. దీన్ని బిడియం కథగా చెప్పుకుంటాం గానీ, ఆ ఫీజు వెనక్కివ్వడమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. తగిన సామర్థ్యం, అనుభవం లేని కేసు తీసుకోరాదని ఈనాటి బారిస్టర్ల నియమావళి కూడా చెబుతోంది. మన ప్రకాశం పంతులుగారు లండన్ వెళ్లేనాటికే రాజమండ్రి కోర్టుల్లో ప్లీడరుగా రాటుదేలారు. 1907లో బారిస్టరై తిరిగొచ్చి మద్రాసులో నిలదొక్కుకున్నారంటే ఆ పునాది అంతకుముందే పడింది.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో ప్యూపిలేజ్ సాధారణంగా పన్నెండు నెలలు. మొదటి ఆరు నెలలు సొంతంగా కేసులు పట్టకూడదు. సూపర్‌వైజరు ఒప్పుకుంటే కోర్టులో జరిగింది రాసుకొచ్చే పని మాత్రం తీసుకోవచ్చు. తర్వాతి ఆరు నెలలకు తాత్కాలిక ప్రాక్టీసు సర్టిఫికెట్ వస్తుంది. సూపర్‌వైజరు పర్యవేక్షణలో తనే లేచి వాదించవచ్చు. ఒకప్పుడు శిష్యుడే గురువుకు వంద గినీలు కట్టేవాడు. ఇప్పుడు ఛాంబర్సే శిష్యుడికి డబ్బివ్వాలి. (మన జూనియర్లు నవ్వుతున్నారు. ఎందుకో నాకు తెలుసు.)

వాదించే హక్కు లేని మొదటి ఆరు నెలల్లోనూ గోప్యత మాత్రం పూర్తిగా వర్తిస్తుంది. సూపర్‌వైజరు క్లయింటు రహస్యాన్ని శిష్యుడు సొంత క్లయింటు రహస్యంలాగే కాపాడాలి. మన కోర్టు క్యాంటీన్లలో టీ తాగుతూ కేసులు విప్పి చెప్పుకునే అలవాటు అక్కడ పనికిరాదు. ఇక్కడ మాత్రం పనికొస్తుందా?

అసలు చిక్కు రెండో ఆరు నెలల్లో వస్తుంది. క్లయింటు ఏకాంతంలో ‘నేనే చేశాను’ అంటాడు, కోర్టులో కాదనమంటాడు. ఆ మాట బయటపెట్టే హక్కు బారిస్టరుకు లేదు. అబద్ధంతో కోర్టును తప్పుదోవ పట్టించే హక్కు అంతకంటే లేదు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం నేరాన్ని రుజువు చేస్తోందా అని నిలదీయవచ్చు. తన క్లయింటు ఆ రాత్రి ఊళ్లోనే లేడని మాత్రం కథ అల్లకూడదు. అలాగే సాక్షికి పాఠం వల్లె వేయించకూడదు. తన వాదనకు అడ్డొచ్చే తీర్పు ఎదుటి పక్షం కంటపడకపోయినా కోర్టు ముందు పెట్టాలి. ఇరవై అయిదేళ్ల కుర్రవాడికి ఇది తేలిక కాదు. క్లయింటు కోపగించుకుంటాడు, మళ్లీ కేసులు రావేమోనన్న భయం ఉంటుంది. అయినా కోర్టు పట్ల కర్తవ్యమే పైది.

సీనియర్ చెప్పారు కాబట్టి చేశాననడం అక్కడ చెల్లదు. ప్రతి బారిస్టరూ తన పనికి తానే జవాబుదారీ. 2025లో లండన్‌లోని హారింగే కౌన్సిల్‌పై ఇంటి వసతి కోసం వేసిన కేసులో, వృత్తికి చాలా కొత్తయిన ఒక బారిస్టరు తయారుచేసిన పిటిషన్‌లో ఉదహరించిన అయిదు తీర్పులు అసలు లేనేలేవని తేలింది. ఖర్చుల కింద బారిస్టరుకు 2,000 పౌండ్లు, కేసు నడిపిన లా సెంటరుకు మరో 2,000 పౌండ్లు పడ్డాయి. జూన్‌లో డేమ్ విక్టోరియా షార్ప్ నేతృత్వంలోని ధర్మాసనం, ఇది కోర్టు ధిక్కారం పెట్టదగినదేనంటూనే ఆ దారి పట్టకుండా నియంత్రణ సంస్థకు నివేదించింది. అంతటితో ఆగలేదు. ఆ బారిస్టరుకు శిక్షణ ఇచ్చిందెవరు, ప్యూపిలేజ్ పూర్తయిందని ధ్రువీకరించిందెవరు, ఆ పని అప్పగించిందెవరు అన్న ప్రశ్నలూ లేవనెత్తింది. ఆ తీర్పులో నాకు అన్నిటికంటే విలువైనవి ఈ ప్రశ్నలే. కుర్రవాళ్లను శిక్షించి పెద్దలు చేతులు దులుపుకోవడం ఏ దేశంలోనైనా సులువైన పని.

మన దగ్గర ప్యూపిలేజ్ లేదు. న్యాయవాదుల చట్టంలో మొదట ఉన్న శిక్షణ నిబంధనను 1973లో తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని తిరిగి తెస్తే, అలా నిబంధన పెట్టే అధికారం కౌన్సిల్‌కు లేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందువల్ల ఎన్‌రోల్ అయిన మర్నాడే వకాల్తా వేయవచ్చు. ఆ స్వేచ్ఛ మంచిదేననేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను; ఆ స్వేచ్ఛకయ్యే ఖర్చు భరించేది కక్షిదారు.

చట్టం మారేదాకా ఆగనక్కరలేదు. సీనియర్లకు నా మనవి ఒక్కటే: జూనియర్ రాసిన పిటిషన్‌లోని ప్రతి తీర్పునూ తెరిచి చూపించమని అడగండి, వాయిదాకు ఫైలిచ్చి పంపేముందు కాసేపు కూర్చోబెట్టి మాట్లాడండి, నెలాఖరున ఎంతోకొంత చేతిలో పెట్టండి.