రూపకర్తకు వీధియే పాఠశాల

రూపకల్పన చేయువారికి స్ఫూర్తి ఎక్కడనుండి వచ్చును? అందుకు ఏకాంతమో, ప్రకృతి రమణీయతయో కావలెనని మనలో చాలమంది తలంతురు. నారాయణగూడనుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వరకు ఒక్కసారి నడచినచో, అందుకు నిత్యజీవితమే చాలునని తోచును.

ప్రసిద్ధ చిత్రకారులు పి.టి. రెడ్డిగారు నారాయణగూడలో నివసించిరి. 1915లో కరీంనగరు జిల్లాలో జన్మించి, బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రకళ నభ్యసించిన వీరు, 1996లో కీర్తిశేషులైరి. హైదరాబాదునకు మరలివచ్చిన పిమ్మట కొంతకాలము వీరు కొయ్యసామాను తయారుచేయించు వ్యాపారమును గూడ నడపిరి. చిత్రమునకు కంటికి ఇంపైన చాలును. కుర్చీకి ఒంటికి హాయియు కావలెను. కూర్చుండువాని వీపును, మోకాలిని ఎరుగక మంచి కుర్చీని గీయజాలము.

చిక్కడపల్లి ప్రధానవీధిలో అంగళ్ల నామఫలకములను చూతము. మన లిపిలో గుడులు పైకి లేచును, వత్తులు క్రిందికి దిగును. ఇంగ్లీషు అక్షరమునకు కొలిచిన పట్టీలోనే తెలుగు అక్షరమును ఇరికించినచో వత్తులు నలిగిపోవును. ‘వస్త్రాలయము’ అను మాటలో ‘స్త్ర’ ఒక మచ్చవలె మిగులును. బస్సులో పోవు వృద్ధుడు దానిని చదువలేక తన కన్నులను నిందించుకొనును. లోపము ఆయన చూపుది కాదు, ఫలకపు కొలతది. పైన, క్రింద తగిన చోటు విడువవలెనని ఆ వీధిలో నిలిచి చూచినవారికి ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక నగర కేంద్ర గ్రంథాలయము. ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువతీయువకులు అశోక్‌నగర్ గదులనుండి ఇచటికి వచ్చుచుందురు. లోపల చోటు దొరకనివారు ఆవరణలోనే కూర్చుండి, ఒడిలో పుస్తకము, మోకాలిపై కాగితము పెట్టుకొని గంటలకొలది చదువుదురు. మెడ వంగిపోవును, నడుము నొచ్చును. వారిని చూచి జాలిపడుట తేలిక. వారి ఒడికి సరిపడునది, చంకన పెట్టుకొని పోదగినది, వారు కొనగల వెలకు దొరకునది అయిన వ్రాతపలక ఎట్లుండవలెనని యోచించుట రూపకర్త పని.

కావున ఇల్లు వెడలునప్పుడు ఒక ప్రశ్నను వెంట తీసికొనిపోవుదము: ఎవరికి, ఎచట, ఏమి ఇబ్బంది కలుగుచున్నది? అది కనబడిన దినమున చేతికి గీత దానంతటదే వచ్చును.