రికార్డులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు

ఈరోజు టాపిక్ మతం, కోర్టు, సర్కారు. ఈ మూడు మాటలూ ఒకేచోట వింటే సగంమంది స్కిప్ కొడతారని నాకు తెలుసు. ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. ఇది ఎక్కడో ఢిల్లీ గొడవ కాదు. మన పత్తి, మిరప చేల మధ్య ఉన్న ఊళ్ళ కథ.

నా పదో తరగతి ఫ్రెండ్ ఒకడున్నాడు. పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుద్ది. బళ్ళో అటెండెన్స్ పిలిచేటప్పుడు వాడికి ఒక పేరు. ఆదివారం చర్చి దగ్గర వాళ్ళమ్మ పిలిచే పేరు ఇంకొకటి. ఒకసారి అడిగా, "ఒరే, ఇంతకీ నీ అసలు పేరు ఏదిరా?" అని. వాడు నవ్వి, "అడిగేవాణ్ణి బట్టి ఉంటది" అన్నాడు. అప్పుడు జోక్ అనుకున్నా. అది జోక్ కాదని ఈమధ్య ఒక తీర్పు చదివాక తెలిసింది.

ఆ తీర్పు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుది. 2025 ఏప్రిల్ 30న వచ్చింది. జస్టిస్ ఎన్. హరినాథ్ ఇచ్చారు. కేసు పిట్టలవానిపాలెం మండలం కొత్తపాలెంలో మొదలైంది. ఇప్పుడు అది బాపట్ల జిల్లా, కేసు పెట్టినప్పుడు గుంటూరు జిల్లా. అక్కడ ఒక పాస్టర్ గారు, తనను కులం పేరుతో తిట్టారని, కొట్టారని 2021లో చందోలు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు కట్టారు. నిందితులు హైకోర్టుకు వెళ్ళారు. వాళ్ళ వాదన ఒక్కటే: ఈయన పదేళ్ళుగా పాస్టర్‌గా ఉన్నారు, అంటే క్రైస్తవుడు, అంటే ఎస్సీ కాదు, కాబట్టి ఆ చట్టం ఈయనకు వర్తించదు.

పాస్టర్ గారి దగ్గర తాసిల్దార్ ఇచ్చిన ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. అయినా సరిపోదంది కోర్టు. క్రైస్తవంలో కులం లేదు, ఆ మతంలోకి మారినవాళ్ళకు ఎస్సీ హోదా ఉండదు, సర్టిఫికెట్ ఇంకా రద్దు చేయలేదన్నంత మాత్రాన రక్షణ రాదు అని చెప్పి కేసు కొట్టేసింది. ఆ రోజు తిట్టారా లేదా, కొట్టారా లేదా అన్నది మన టాపిక్ కాదు. అట్రాసిటీ చట్టం వరకు కేసు ఆయన మతం దగ్గరే ఆగిపోయింది. నేను మాట్లాడేది దాని గురించి.

జడ్జి గారు సొంతంగా కొత్త రూలేమీ పెట్టలేదు, అది కూడా చెప్పాలి. రూలు 1950 నాటిది. ఆ ఏడాది ఆగస్టు 10న రాష్ట్రపతి పేరుతో షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ఏమంటుందంటే, హిందూ మతం కాకుండా వేరే మతం పాటించేవాళ్ళను షెడ్యూల్డ్ కులం వాళ్ళుగా చూడరు. 1956లో దాన్ని మార్చి సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది కదా. బ్రిటిష్ వాళ్ళు ఎరుకల కుటుంబాలను 'నేరస్థ తెగ' అని ముద్రేసి అక్కడ సెటిల్‌మెంట్ పెట్టి, దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టారు. ఎరుకల కుటుంబం చర్చికి వెళ్ళినా ఎస్టీయే. పక్క ఊళ్ళో మాల, మాదిగ కుటుంబం అదే చర్చికి వెళ్తే ఎస్సీ పోతుంది. పాటలు అవే, ప్రార్థన అదే. చట్టం మాత్రం ఇద్దరికీ వేరు.

అసలు మన వైపు ఇంతమంది చర్చికి ఎలా వెళ్ళారు? గుంటూరుకు 1842లోనే లూథరన్ మిషనరీ హేయర్ వచ్చారు. ఒంగోలుకు 1866లో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ వచ్చారు. పదేళ్ళకు, 1876 నుంచి 78 దాకా, పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్ట్ తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చారు. అన్నం కోసం మతం మారుతున్నారని ఎవరూ అనకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఏటి నీళ్ళలో దిగి, మేమూ మనుషులమే అని చెప్పిన రోజు అది. నేను దాన్ని అలాగే చూస్తాను.

మరి ఆ మునకతో కులం పోయిందా? మన ఊళ్ళు చూసి చెప్పండి. ఇళ్ళు అదే పల్లెలో ఉన్నాయి. పనులు అవే పొలాల్లో ఉన్నాయి. చాలాచోట్ల మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి. ఫిరంగిపురం వైపు వెళ్తే తరాల నుంచి కతోలికులుగా ఉన్న రెడ్లు కనిపిస్తారు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా రెడ్డి గారు రెడ్డి గారే. పెళ్ళి సంబంధాల దగ్గర ఎవరూ కులం మర్చిపోరు. పై కులం వాళ్ళకు మతం మారినా మిగిలే కులం, కింది కులం వాళ్ళకు మాత్రం రాత్రికి రాత్రే ఎలా మాయమవుద్ది?

అట్రాసిటీ చట్టం ఎందుకు వచ్చిందో కూడా మన జిల్లాలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. చట్టం 1989లో వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఈ చట్టం కింద కేసు కడితే డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి, ముందస్తు బెయిల్‌కు అడ్డుంటుంది, ప్రత్యేక కోర్టు, బాధితుడికి పరిహారం ఉంటాయి. ఎస్సీ హోదా లేదంటే ఇవన్నీ పోయి, మామూలు కొట్లాట సెక్షన్లు మిగులుతాయి. తిట్టేవాడు మాత్రం నీది ఏ మతం అని అడిగి తిట్టడు కదా.

ఇది మన ఒక్క దేశం తలనొప్పి కాదు. అమెరికాలో సౌత్ కరోలినాలో ఒకావిడ బట్టల మిల్లులో పనిచేసేది. మిల్లు శనివారం కూడా పనికి రమ్మంది. ఆమె సెవెంత్ డే అడ్వెంటిస్ట్, శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం. రానంది. ఉద్యోగం పోయింది. నిరుద్యోగ భృతి అడిగితే ప్రభుత్వం ఇవ్వనంది. 1963లో అక్కడి సుప్రీంకోర్టు, మతం కావాలా భృతి కావాలా అని మనిషిని ఇరికించడం కూడా మత స్వేచ్ఛ మీద దెబ్బేనని చెప్పింది. ఆ కేసు పేరు షెర్బర్ట్. కానీ 1990లో అదే కోర్టు, పెయోటీ అనే మత్తు మొక్కను తమ ఆరాధనలో తీసుకున్న ఇద్దరికి భృతి ఇవ్వక్కర్లేదంది. అందరికీ ఒకేలా వర్తించే చట్టమైతే మతం పేరుతో మినహాయింపు అడగలేరన్నది దాని సారం. మూడేళ్ళకు, 1993లో, అక్కడి పార్లమెంటు ఆ తీర్పును మార్చడానికి చట్టం తెచ్చింది. ఇప్పటికీ ఆ తగువు నడుస్తూనే ఉంది.

మన దగ్గర దాని జోడీ కేసు మద్రాసుది. రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. సూసై అనే ఆయన కూడా రోడ్డు పక్కన అదే పని చేసేవాడు, కానీ క్రైస్తవుడు. ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా అవే బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చూపించాలంది. అమెరికాలో మిల్లు కూలీకి 1963లో దొరికింది, ఇక్కడ చెప్పులు కుట్టే మనిషికి 1985లో దొరకలేదు.

ఇప్పుడు రెండో పక్క. ముందే చెప్పా కదా, ఒకే పక్కకు మాట్లాడను.

ఎస్సీ కోటా ఒక పరిమితి ఉన్న వాటా. దాంట్లోకి కొత్తగా లక్షలమంది వస్తే, ఇప్పుడున్న పేద ఎస్సీ పిల్లల సీట్లు తగ్గుతాయి. ఈ భయం నిజమైనదే. ఇంకోటి, మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళకు బీసీ-సీ గ్రూపులో 1 శాతం రిజర్వేషన్ ఇప్పటికే ఉంది. మతంలో కులం లేదని చెప్పి మనుషుల్ని పిలిచి, మళ్ళీ కులం సర్టిఫికెట్ అడగడం ఏంటి అని కొందరంటారు. ఆ ప్రశ్నకు చర్చి పెద్దలే జవాబు చెప్పాలి. 2024 నవంబర్‌లో పుదుచ్చేరికి చెందిన ఒకావిడ కేసులో, నమ్మకం లేకుండా కేవలం ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు అంది.

ఇంకో పక్క, 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం షరతు తీసేయమంది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. కానీ ఆ జాబితా మార్చే అధికారం పార్లమెంటుది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి, తర్వాత గడువు పొడిగించింది.

ఇదంతా చదివాక నాకు ఒక సంగతి అర్థమైంది. మనం రెండు వేరే వేరే ప్రశ్నలను ఒకే సర్టిఫికెట్‌కు కట్టేశాం. ఒకటి వాటా ప్రశ్న: సీటు ఎవరికి, ఉద్యోగం ఎవరికి. దాని మీద వాదించుకోవాలి, లెక్కలు తీయాలి, కమిషన్లు వేయాలి. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతుంది కాబట్టి తొందర పనికిరాదు. రెండోది రక్షణ ప్రశ్న: కులం పేరుతో కొడితే చట్టం ఎవరికి అండగా ఉంటుంది. ఒక పాస్టర్‌కు రక్షణ ఇస్తే ఇంకో ఎస్సీ కుర్రాడికి వీసమెత్తు రక్షణ కూడా తగ్గదు. మరి వాటా తేలేదాకా రక్షణ ఎందుకు ఆగాలి? ఆ చట్టంలో బాధితుడి మతం కాకుండా, కొట్టినవాడు ఏ కులమని కొట్టాడో చూసేలా పార్లమెంటు మార్చొచ్చు. అది రిజర్వేషన్ జోలికి పోదు. మీకు వేరే అభిప్రాయం ఉండొచ్చు, కానీ ఈ రెండూ విడదీసి ఆలోచించండి.

రాజ్యాంగం 25వ అధికరణం నచ్చిన మతం పాటించుకోమంటుంది. కానీ మా ఫ్రెండ్ లాంటివాడికి దాని అర్థం వేరు. పాటించుకో, ఎవరికీ చెప్పకు. చెప్తే సర్టిఫికెట్ పోతుంది, దాంతోపాటు స్టేషన్లో నీ మాటకున్న బలం పోతుంది. స్వేచ్ఛ ఉంది గానీ దాన్ని దాచుకుని బతకాలి.

చివరగా ఒక మాట. హైకోర్టు తీర్పు వచ్చిన ఆ ఏప్రిల్ 30నే కేంద్రం ఇంకో నిర్ణయం ప్రకటించింది: రాబోయే జనాభా లెక్కల్లో కులం కూడా రాస్తామని. అంటే ఎన్యూమరేటర్ ఒకరోజు మా ఫ్రెండ్ వాళ్ళింటికి వస్తారు. పేరు, మతం, కులం, మూడూ అడుగుతారు. మొన్న వాడికి ఫోన్ చేసి ఏం చెప్తావురా అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మని ఆ రోజు పత్తి చేనికి పంపించేస్తా, ఆమె అయితే నిజం చెప్పేస్తది" అన్నాడు.

ఈసారి నవ్వలేదు వాడు. నేనూ నవ్వలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.