చెరువు మేత – చేపలో మంచి కొవ్వు
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మన కొల్లేరు చుట్టుపక్కల కొన్ని సంఘాల వాళ్లం అప్పు తీసుకుని, చెరువులు కౌలుకు పట్టి బొచ్చె, శీలావతి పెంచుతున్నాం. మన ఖర్చుల్లో పెద్దది మేత ఖర్చే. ఆ మేత చేప బరువునే కాదు, చేపలోని కొవ్వును కూడా మారుస్తుంది. ఆ సంగతే ఈరోజు చెబుతాం.

గర్భిణులు, చిన్నపిల్లలు చేప తింటే మంచిదంటారు కదా. బిడ్డ మెదడుకు, కంటిచూపుకు పనికొచ్చే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు చేపలో ఉండటమే అందుకు ఒక కారణం. అవి చేపకు ముఖ్యంగా చెరువు నీటి నుంచే వస్తాయి. నీళ్లకు పచ్చదనం ఇచ్చే సన్న నాచు వాటిని తయారుచేస్తుంది. ఆ నాచును సన్న పురుగులు తింటాయి, వాటిని బొచ్చె తింటుంది.

మనం సంచుల్లో కట్టే తవుడు అలాంటిది కాదు. తవుడు నూనెలో ఒమేగా-6 మూడో వంతు దాకా ఉంటుంది, ఒమేగా-3 మాత్రం నూటికి ఒకటి రెండు పాళ్లే. వేరుశనగ చెక్కలో అది లేనట్టే. పైగా తవుడులోని పిండిపదార్థం ఎక్కువైతే చేప దాన్ని కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. చేప బలుస్తుంది గానీ, ఆ కొవ్వులో ఒమేగా-3 పాలు తగ్గిపోతుంది.

అలాగని తవుడు మానేయమని మేము అనడం లేదు. మేత లేకపోతే చేప ఎదగదు, మన వాయిదా కట్టలేం. మేతనూ పచ్చనీటినీ రెండింటినీ చూసుకోవాలి.

నీళ్లలో మోచేతి దాకా చెయ్యి ముంచి చూడండి. అరచెయ్యి అప్పుడే కనబడకుండా పోతే పచ్చదనం సరిపోయినట్టు. ఇంకా బాగా కనబడుతుంటే పేడ, సూపర్ ఫాస్ఫేట్ కొద్దికొద్దిగా వేయాలి. మణికట్టు దగ్గరే కనబడకపోతే ఎరువు ఆపాలి. సంచిలో మేత మిగిలితే మర్నాడు తగ్గించండి. మిగిలిన తవుడు కుళ్లి నీళ్లలో ఆక్సిజన్ తినేస్తుంది. పాత నూనె వాసన వచ్చే తవుడు కొనొద్దు.

అవిసె నూనెలో సగానికి పైగా ఒమేగా-3 ఉంటుంది. అవిసె చెక్క మేతలో కలిపితే చేపకు కొంత అందుతుంది. కానీ అది ఖరీదు. అందుకే అన్ని చెరువుల్లో ఒకేసారి వద్దు. పట్టుబడికి ముందు రెండు నెలలు ఒక్క చెరువులో వేసి, లెక్క విడిగా రాసి చూద్దామని కోరుతున్నాం.

వ్యాపారి కాటా మీద బరువే చూస్తాడు. లోపల ఏ కొవ్వు ఉందో చూసుకోవలసింది తినేవాళ్లం మనమే. పట్టుబడి రోజున ప్రతి సభ్యురాలి ఇంటికీ, ముందుగా గర్భిణులున్న ఇళ్లకు, కూర చేప చేరేలా ఈ సభ తీర్మానం చేయాలని మా విన్నపం.