పిల్లలకు పాఠమెందుకు నిలువదు?

(గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములకు పోయినప్పుడెల్ల మాకొక మాట వినవచ్చుచున్నది: "మావాడు మొద్దండీ, నిన్న చెప్పినది నేటికి లేదు." ఈ తీర్పు తొందరపాటుదని మా అభిప్రాయము. ఈ మాటతోనే ఎందరో బిడ్డల చదువు ముగిసిపోవుచున్నది.

మనస్సు ఒక్క తడవ పట్టి యుంచగల విషయములు బహు కొద్ది. అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లరు 1956లో ఆ సంఖ్య సుమారు ఏడని చెప్పెను. 2001లో నెల్సన్ కోవన్ అది నాలుగేయని తగ్గించెను. కిలో 47 రూపాయల వంతున 6 కిలోల బెల్లము వెల ఎంతయని నోటిలెక్కగా అడిగితిమనుకొనుడు. బాలుడు నలుబది ఆరులు 240 అని మనస్సులో నిలుపుకొని, ఏడు ఆరులు 42 దానికి కలిపి, 282 అని చెప్పవలెను. ఎక్కము వచ్చినవానికిది క్షణములో పని. రానివాడు 42 కొరకు వ్రేళ్లు లెక్కించుచుండగానే 240 జారిపోవును. కొంతసేపటికి అడిగిన ప్రశ్నయే మరచును. వానికి కొరవడినది తెలివి కాదు, ఎక్కము. కావుననే పాత వీధిబడుల వల్లెవేతను మేము తోసిపుచ్చము. అయితే అందరును కలిసి పాడునప్పుడు రానివాడును పెదవులు కదుపును. పంతులుగారు ఒక్కొక్కరిని విడిగా అడిగిననే అది బయటపడును.

ఇక మరపు సంగతి. జర్మను పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల వరుసలను కంఠస్థము చేసి, తన్ను తానే పరీక్షించుకొని, 1885లో ఫలితములను ప్రకటించెను. ఒక దినము గడచిన పిమ్మట అవే వరుసలను మరల నేర్చుటలో ఆయనకు తగ్గిన శ్రమ సుమారు మూడవవంతు మాత్రమే. అర్థమైన పాఠము ఇంతకంటె నిలుచునుగాని, తిరిగి తలచనిచో అదియు సన్నగిల్లును. నాట్ల కాలమున బడి మాన్పించిన బిడ్డకు కొత్త పాఠము పోవుటయే గాక, పాతది తలచుకొను అవకాశము కూడ పోవుచున్నది.

2006లో రోడిగర్, కార్పిక్ అనువారు అమెరికాలో విద్యార్థులచే ఒక పాఠమును చదివించిరి. పిమ్మట కొందరు దానినే మరల చదివిరి. కొందరు చూడకుండ జ్ఞప్తికి వచ్చినంత వ్రాసిరి. ఐదు నిమిషముల తరువాత పరీక్షింపగా మరల చదివినవారిదే పైచేయి. వారము గడచిన తరువాత పరీక్షింపగా, వ్రాసినవారికి నూటికి 56 పాళ్లు, చదివినవారికి 42 పాళ్లు గుర్తుండెను. పరీక్ష ముందటి రాత్రి గడగడ చదివి, అంతయు వచ్చినదని నమ్మి మోసపోవుట ఇట్టిదే.

కావున ఇంటివద్ద "చదివితివా?" అనుటకు మారుగా "పుస్తకము మూసి చెప్పు" అని అడుగవలెను. చదువురాని తల్లియు ఇది చేయవచ్చును; బిడ్డ చెప్పిన పిమ్మట పుస్తకము తెరచి తానే సరిచూచుకొనును.

నేర్చినది నిలుచుటకు నిద్రయు కావలెను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలములలో లౌడుస్పీకర్లను నిషేధించుచున్నవి. కొన్ని పండుగ దినములకు ప్రభుత్వమిచ్చు సడలింపు వేరు. పరీక్షల నెలలో జాతర వచ్చినచో తేదీని మార్చుడని మేము కోరము. మైకును మాత్రము వేళకు ఆపించుడు.