రాత్రి పాళీ, పగటి నిద్ర



నేను వైద్యుడను గాను. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారమున, చెఱకు రసము కాచు విభాగమునందు, ముప్పది యేండ్లు పనిచేసినవాడను. 1937లో స్థాపింపబడిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అది నడచిన దినములలో చెఱకు ఆడు కాలము వచ్చినదన్న రాత్రియనక పగలనక మూడు పాళీల పని. కొట్టిన చెఱకు నిలువయున్నకొలది తీపి తగ్గును. కావున యంత్రము ఆగరాదు. నేను రాత్రి పాళీ ముగించి వచ్చి పండుకొన్నచో మా తల్లి రోటి కడకు ఎవ్వరిని పోనిచ్చెడిది కాదు. పిల్లలు వాకిట అల్లరిచేసినచో చీపురు చూపెడిది.

ఈ మాట యెందుకు చెప్పుచున్నాననగా, మా కోడలు నిజామాబాదులో ఒక ఆసుపత్రియందు నర్సు. ఒక వారము ఉదయము 8 నుండి 2 వరకు, ఒక వారము 2 నుండి రాత్రి 8 వరకు, ఒక వారము రాత్రి 8 నుండి మరునాటి 8 వరకు ఆమె కొలువు. రాత్రి కొలువు ముగించి, బస్సు దిగి యిల్లు చేరునప్పటికి పది కావచ్చును. ఆమె కన్ను మూసిన కొంతసేపటికే సిలిండరు వచ్చినదని యొకమారు, చుట్టములు వచ్చిరని యొకమారు, నా కండ్లద్దములు ఎక్కడనని యొకమారు నేనే లేపితిని. పగటి నిద్ర దరిద్రమని నలుగురిలో అంటిని కూడ. నా పగటి నిద్రకు కాపలా యుండిన యింటిలోనే ఆమె నిద్రకు కాపలా లేకపోయెను.

ఒకనాడు ఆమె నాతో నన్నది: "మామా, రాత్రి నాలుగు గంటలకు ఒకరికి ఇయ్యవలసిన సూదిమందును మఱియొకరి మంచము కడకు తీసికొనిపోయినాను. తోటి నర్సు చూచి నా చేయి పట్టుకొన్నది." రోగికి హాని కలుగలేదు. కాని దానికి ముందటి పగలు ఆమెను మూడుమారులు లేపినవాడను నేనే గదా! ఆ దినము నాకు అన్నము సహింపలేదు.

అటుపిమ్మట ఈ సంగతి విచారింప మొదలిడితిని. 1729లో దె మేరాను అను ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు, పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచు మొక్కను, మన అత్తిపత్తి వంటిదానిని, చీకటిలో నుంచెను. సూర్యుడు కానరాకున్నను అది వేళకు ఆకులు విప్పినది. గడియారము లోపలనే యున్నదన్నమాట! మనకును అట్టిది కలదు. రెండు కండ్ల నరములు కలియు చోటికి కొంచెము పైన, మెదడులో నుండి, అది దినదినము వెలుతురును బట్టి తన్ను సరిదిద్దుకొనును. అట్టి గడియారము నడచు తీరును చిన్న యీగలయందు పరిశోధించి కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించినది.

తెల్లవారుజామున ఒడలి వేడి తగ్గును, మెలకువ సన్నగిల్లును. అది సోమరితనము గాదు. పొద్దుటి యెండలో ఇల్లు చేరిన మనిషికి ఆ గడియారము తెల్లవారినది లెమ్మని చెప్పుచునే యుండును; ఎంత అలసినను పగటి నిద్ర రాత్రి నిద్రవలె నిలువదు. శరీరము కొంత అలవాటుపడునంతలో పాళీ మాఱును. ఇట్లు ఏండ్ల తరబడి సాగుట మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లోను, మరల 2019లోను, రాత్రి పాళీ పనిని క్యాన్సరు కలిగింపవచ్చునన్న అనుమానము బలముగా గలవాని వరుసలో నుంచినది. ఇది విని కోడండ్రచేత కొలువు మాన్పింపవలదు. నడిరేయి పాము కఱచినచో మనమెక్కడికి పోదుము?

ఉదయము, మధ్యాహ్నము, రాత్రి అను క్రమమున పాళీలను ముందునకు జరిపినచో శరీరము కొంత యోర్చుకొనును. వెనుకకు త్రిప్పినచో మఱింత కష్టము. అది ఆసుపత్రి పెద్దలు చూడవలసిన పని. ఇల్లు మన చేతిలోనిది. నేను కిటికీకి నల్ల గొంగడి కట్టితిని. ఆమె ఫోను నా భార్య యొద్ద నుండును. మూడింటి దాక మిక్సీ పలుకదు. మొదటి రాత్రి కొలువునకు ముందు మధ్యాహ్నము ఆమె గంటన్నర పండుకొనును. టీ అర్ధరాత్రికి ముందే త్రాగును. బస్సులో నల్ల కండ్లద్దములు పెట్టుకొని వచ్చును. సినిమాతార వచ్చినదని ఊరివారు నవ్విరి, నవ్వనిండు.

వచ్చు సోమవారము నుండి ఆమెకు మరల రాత్రి పాళీ. బుధవారము మా బంధువుల యింట పెండ్లి. ముహూర్తము పగలు పదకొండు గంటలకు. కోడలు రాలేదేమని అందఱును అడుగుదురు. మా యింట ఇప్పుడు రాత్రి యని చెప్పెదను.